సదరన్ ఆల్ స్టార్స్: జపాను ప్రజల పాటలు



జనాదరణ యను మాటను నేడు మనము నిత్యము వినుచున్నాము. ఒక పాట యిన్ని లక్షల ప్రతులు చెల్లినదనియు, మఱియొక పాటను ఇన్ని కోట్లమంది వినిరనియు లెక్కలు ప్రకటింపబడుచున్నవి. లెక్క అబద్ధము గాదు. కాని యది జనాదరణకు గుర్తు మాత్రమే. ఈ సంతలో నెక్కువగా అమ్ముడుపోయిన సరకును మఱుసటి సంతలో అడుగువాడు లేకపోవచ్చును. జనులొక పాటను తమ సొత్తుగా జేసికొన్నారనుటకు నాకు తోచిన పరీక్ష వేఱు. దాని నెప్పుడు పాడవలయునో, ఎప్పుడు పాడరాదో, పాట కట్టినవాడు గాక జనులే నిర్ణయించుట యా పరీక్ష. అప్పగింతల పాటను పెండ్లిపందిటిలో నే వేళకు ఎత్తవలయునో మన ముత్తైదువల కెవ్వరును శాసనము వ్రాసి యీయలేదు. మంగళహారతిని శోకగృహమున పాడరాదని వా రే గ్రంథమును జూచి నేర్చుకొనలేదు. పాట వారిది, కావున మర్యాదయు వారిదే.

ఈ పరీక్షకు నిలిచిన పాటలు జపాను దేశమున నొక రాక్ సంగీతబృందమువారికి కలవు. ఆ బృందము పేరు సదరన్ ఆల్ స్టార్స్. పేరు ఇంగ్లీషు, మనుష్యులు జపానువారు, పాటలు, నడుమ నడుమ ఇంగ్లీషు మాటలున్నను, జపాను భాషలోనివి. 1978లో మొదటి పాట వెలువరించిన యీ బృందమువారు 2025లో గూడ క్రొత్త పాటల సంపుటమును ప్రకటించిరి. అనగా నలువదియేడు సంవత్సరముల గానము. నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. నా చెవి పద్యమునకును కర్ణాటక సంగీతమునకును అలవడినది. గిటారును డ్రమ్ములును మ్రోగు సంగీతమునుగూర్చి నేను మాటలాడుట కొందఱికి వింతగా నుండవచ్చును. నా యొద్ద చదివి, యిప్పుడు యొకోహామాలో నుద్యోగము చేయుచున్న శిష్యుడొకడు ఈ పాటలను వినిపించి, మాటమాటకు అర్థము చెప్పినాడు. రాగమును విని యూరకుండువాడను గాను గనుక మాటలను పట్టుకొని విచారించితిని. ఆ విచారణఫలమే యీ ప్రసంగము.

టోక్యో నగరమునకు నైరృతిదిక్కున, సగామి అఖాతము నొడ్డున, చిగసాకి యను చిన్న పట్టణము కలదు. బృందనాయకుడగు కువతా కెయిసుకే 1956లో అచ్చట పుట్టినాడు. టోక్యోలోని అఒయామా గకుఇన్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా తోడివారితో గలిసి పాడ నారంభించెను. పాటలను కట్టువాడును, పాడువాడును ముఖ్యముగా నతడే. వాద్యపుమెట్లను వాయించు హరా యూకో యా విద్యార్థిబృందములోనిదే. 1982లో వారిద్దఱును వివాహమాడిరి. 2001లో గిటారు వాద్యకాడొకడు విడిపోగా, అప్పటినుండి యైదుగురు మిగిలినారు. ఇంతకు మించి వారి చరిత్రము మనకు ప్రస్తుతము గాదు. పాటలకడకు పోవుదము.

అంతకుముందొక భాషావిషయము చెప్పవలసియున్నది. 1970 ప్రాంతమున జపానులో ఒక వాదము నడిచినది. రాక్ సంగీతము ఇంగ్లీషుదేశములనుండి వచ్చినది గనుక దాని నింగ్లీషుననే పాడవలయునని కొందఱును, తమ భాషలోనే పాడవచ్చునని కొందఱును వాదించిరి. ఇది వట్టి యభిమానపు తగవు గాదు. జపాను భాష మన తెలుగువలె దాదాపు అజంతము. మాటలు అచ్చుతో ముగియును, కాదేని అనునాసికముతో ముగియును. ఆ భాష మాత్రలమీద నడచును. టోక్యో యని మనము వ్రాయు పేరును వారు తో-ఒ-క్యో-ఒ యని నాలుగు మాత్రలుగా నెంచుదురు. మన లెక్కనుగూడ నది రెండు గురువులు, నాలుగు మాత్రలే. మనవారు నేడు మక్కువతో వ్రాయు హైకూలకు మూలమైన జపాను హైకూలో అయిదు, ఏడు, అయిదు అని లెక్కించునవి యీ మాత్రలే. ఇట్టి భాష తీరిగ్గా నడచు పాటకు తగును. ఒక స్వరముమీద నాలుగైదు హల్లులను దట్టించి కొట్టు ఇంగ్లీషు పాట నడకకు సులభముగా లొంగదు.

కువతా యీ చిక్కును వాదముచేత గాక గొంతుచేత విప్పినాడు. ఒక్క మాత్ర నిలువవలసినచోట రెండుమూడు మాత్రలను గ్రుచ్చి, అచ్చులను నలిపి, జపాను మాటను ఇంగ్లీషు మాటవలె మ్రోగించినాడు. మొదట వినినవారికి మాటలు తెలియలేదు. పండితులు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. నేనే యా కాలమున జపానులో ఉపాధ్యాయుడనై యుండినయెడల, ఉచ్చారణదోషమని ఎఱ్ఱసిరాతో గీత గీసియుందును. కాని లాక్షణికుడు గీత గీయుచుండగానే బాలురు పాట నేర్చుకొందురు. భాష యెల్లప్పుడు నట్లే ముందుకు పోయినది.

ఆ మొదటి పాట 1978 జూను 25వ తేదీన వెలువడిన ‘కత్తె ని సింద్‌బాద్’. దీనికి ‘నీ యిష్టమువచ్చినట్లు, సింద్‌బాద్’ అని యించుమించుగా నర్థము. అరేబియా కథలలోని యోడవర్తకుడు సింద్‌బాదును మన పిల్లలును ఎఱుగుదురు. కాని పాటలో నా కథ లేదు. ఆ ముందటి సంవత్సరము, అనగా 1977లో, జపానులో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన రెండు పాటల పేర్లు కలవు. ఒకదానిలో ‘కత్తె ని’ యనునది మొదట నున్నది. రెండవదానిలో ‘సింద్‌బాద్’ తుద నున్నది. ఒకదాని తలను, ఇంకొకదాని తోకను అతికించి యీ కుఱ్ఱవాడు తన పాటకు పేరు పెట్టినాడు. ఇది విద్యార్థిచేష్ట. అయినను పాటలో చిగసాకి యిసుకయు, దాని చేరువనున్న ఎనోషిమా ద్వీపమును పేరుపెట్టి పిలువబడినవి. దేశములో పలువు రెఱుగని తన యూరి పేరును ఇరువదిరెండేండ్ల యువకుడు తొలిపాటలోనే దేశమంతటికి వినిపించినాడు. ఇరువదియైదేండ్ల తరువాత 2003లో అదే పాటను మరల ప్రకటింపగా దేశములోని అమ్మకపు పట్టికలలో నది మొదటిస్థానము నందినది. పాట వినిన బాలురు తండ్రులై, తమ బాలురకు కొనియిచ్చిరన్నమాట.

ఇట్లు వేగముగాను అల్లరిగాను పాడినందున వీరు హాస్యగాండ్రని లోకము తలచెను. ఆ తలపును 1979 మార్చిలో వెలువడిన మూడవపాట మార్చివేసినది. దాని పేరు ‘ఇతోషి నో ఎల్లీ’; ‘ప్రియమైన ఎల్లీ’ యని యర్థము. ఇది విలంబగతి నడచును. ప్రియురాలిని ఏడ్పించినవాడొకడు, ఆమెయెడ చల్లబడినవాడు, అయినను ఆమె లేక నిలువలేనివాడు, పశ్చాత్తాపముతో పిలుచుచున్నాడు. మన యాలంకారికులు దీనిని విప్రలంభమున నొక భేదముగా గ్రహింతురు. నాయకుడు తప్పు తనదని యొప్పుకొనుట యిందలి సొగసు. 1983లో ప్రసారమైన యొక టెలివిజన్ నాటకమున నీ పాటను వాడగా మఱి యొక తరమువారు దీనిని పట్టుకొనిరి. 1989లో అమెరికాదేశపు మహాగాయకుడు రే ఛార్లెస్ దీని నింగ్లీషులో పాడినాడు. రాక్ సంగీతమును ఇంగ్లీషుననే పాడవలయునని జపానువారు వాదించుకొన్న ఇరువది యేండ్లకు, ఇంగ్లీషువాడే జపాను పాటను తన భాషలోనికి దెచ్చుకొన్నాడు. వాదమునకు తీర్పు దొరకినట్లయినది.

ఈ ఎల్లీ యను పేరునందొక చిన్న వినోదము కలదు. జపాను భాషలో రేఫకును లకారమునకును భేదము లేదు. రెంటికిని నడుమ నొక్కటే ధ్వని. వా రెల్లీ యనినను ఎర్రీ యనినను వ్రాత యొక్కటియే. రలలకు భేదము లేదని మన సంస్కృతశాస్త్రజ్ఞులు శ్లేష చెప్పునప్పుడు మాత్రము వాడుకొను సూత్రము అచ్చట నిత్యవ్యవహారము.

1990వ సంవత్సరము ఈ బృందమునకు ఫలవంతమైనది. ఆ యేడు కువతా తానే దర్శకుడై ఒక చలనచిత్రమును తీసినాడు. అందుకొఱకు కట్టిన పాటలలో రెండింటిని జనులు గుండెకు హత్తుకొనిరి. మొదటిది ‘మనౘు నో కజిౘు’, అనగా నడివేసవి పండు. గడచిపోయిన వేసవినాటి ప్రేమను తలచుకొను పాట యిది. 1991లో హాంకాంగునందలి ప్రసిద్ధగాయకుడు జాకీ చ్యూంగ్ దీని మట్టును చైనావారి కాంటన్ భాషలో పాడగా, దీని జపాను పుట్టుక నెఱుగనివారుగూడ దీనిని పాడుకొన్నారు. రెండవది ‘కిబో నో వదాచి’. ‘ఆశయొక్క బండిజాడ’ యని తెనిగింపవచ్చును. మట్టిబాటలో చక్రములు త్రొక్కిన గాడిని చూచిన మన పల్లెవాండ్రకు ఆ మాట వ్యాఖ్యానము లేకయే తెలియును. ఈ పాటను వేఱుగా నొంటిపాటగా నమ్మలేదు. లెక్కలపట్టికలలో దీనికి చోటు లేదు. అయినను 2014నుండి చిగసాకి రైలుస్టేషనులో రైలు కదలునప్పుడు మ్రోగు గంటకు బదులుగా నీ పాట మట్టును వినిపించుచున్నారు. ఉదయమున నుద్యోగమునకు పోవువాడును, సాయంకాలము చదువు ముగించుకొని తిరుగు బాలికయు దీని విందురు. పట్టణము తన బిడ్డకిచ్చిన బిరుదములలో నింతకంటె చక్కనిది నాకు తోపదు. సన్మానపత్రము గోడకు వ్రేలాడును. ఇది ప్రతిదినము బ్రతికియుండును.

ఇక ముఖ్యమైన పాటకు వచ్చితిమి. 2000 జనవరి 26న వెలువడిన ‘ౘునమి’. మనము పత్రికలలో సునామి యని వ్రాయు మాట యిదియే. జపానులో నిది మూడు లఘువులు, నగణము. నకారమునకు దీర్ఘము మనము పెట్టినది. మొదటి యక్షరము మన దంత్యచకారము. ౘుక్క, ౘలి యనునప్పుడు మన నాలుక పలుకు ధ్వని. ఇంగ్లీషువాని నాలుకకు మాట మొదట నది కష్టము గనుక నతడు తకారమును జాఱవిడిచినాడు. మన మతనివెంట పోతిమి. ‘ౘు’ అనగా రేవు. ‘నమి’ యనగా కెరటము. నడిసంద్రమున నీ యల యంత యెత్తుగా నుండదు గాన పడవలవారికి తెలియకపోవచ్చును. రేవును చేరునప్పటికి ప్రళయమగును. రేవుకెరటమను పేరి కిది కారణమని చెప్పుదురు.

ఈ పాట ప్రేమగీతము. ప్రియురాలిని పోగొట్టుకొన్నవాని యొంటరితనమును కవి సముద్రపుటలతో పోల్చినాడు. రూపకము సరియైనది. దుఃఖ మట్లే వచ్చును. దూరమున నున్నప్పుడు చిన్నదిగా దోచి, మన రేవును చేరునప్పటికి తల మునుగజేయును. ఈ పాట యించుమించు ఇరువదితొమ్మిది లక్షల ప్రతులు చెల్లినది. ఆ సంవత్సరమున జపాను రికార్డు బహుమానమును బడసినది. పెండ్లివిందులలోను, మిత్రగోష్ఠులలోను, జనులు డబ్బిచ్చి పాడుకొను కరఒకె గదులలోను దీనిని పాడనివారు లేరైరి. పదునొకండేండ్లు ఇట్లు గడచినవి.

2011 మార్చి 11వ తేదీన, మధ్యాహ్నము, జపాను ఈశాన్యతీరమున 9.0 పరిమాణముగల భూకంపము గలిగినది. వెంటనే సముద్రము లేచినది. చనిపోయినవారును కనబడకపోయినవారును గలిసి పదునెనిమిది వేలకు పైబడినారు. అంతవఱకు కవి యుపమానముగా వాడిన మాట ఆనాడు వాచ్యార్థముతో నిలిచినది. రేడియోకేంద్రములును టెలివిజన్ కేంద్రములును ఈ పాటను ప్రసారము చేయుట మానినవి. పాటలో నొక్క యక్షరమైనను మాఱలేదు. రాగము మాఱలేదు. కవి దోషము చేయలేదు. మాఱినది వినువాని హృదయము.

మన యలంకారశాస్త్రము నా కిచ్చట తోడ్పడినది. మమ్మటుడు కావ్యప్రకాశమున నశ్లీలమును మూడువిధములుగా విభజించినాడు. సిగ్గు పుట్టించునది, జుగుప్స పుట్టించునది, అమంగళమును స్ఫురింపజేయునది. పాఠము చెప్పునాళ్లలో మూడవదానికి ఉదాహరణము చూపినప్పుడు బాలురు నవ్వెడివారు. చావును తలపించు మాటయొకటి పద్యములో నున్నంతమాత్రమున దోషమెట్లగునని వారి సంశయము. ఈ పాట కథయే దానికి సమాధానము. బిడ్డ నల యెత్తుకొనిపోయిన తల్లి వినుచుండగా ప్రియావిరహమునకు ఆ యలను ఉపమానము చేయుట చెల్లదు. అయితే శాస్త్రమే మఱియొక మాటయు చెప్పినది. దోషములు కొన్ని నిత్యములు, కొన్ని యనిత్యములు. అనిత్యదోషము సందర్భమునుబట్టి దోషమగును, సందర్భము మాఱినచో తొలగును. క్షేమేంద్రుడు ఔచిత్యమని దేనిని కావ్యమునకు ప్రాణముగా జెప్పెనో యది పద్యములో నుండునది గాదు; చెప్పువానికిని వినువానికిని నడుమ నుండునది.

అట్లయిన నీ దోషమును తొలగించు నధికార మెవ్వరిది? పాట కట్టినవానిదా? కువతా తన నడవడిచేత సమాధానము చెప్పినాడు. 2011 సెప్టెంబరులో, విపత్తు గడచిన యాఱునెలలకు, అతడు మియాగి మండలమునకు పోయి పాడినాడు. పాడిన స్థలము రిఫు పట్టణమునందలి పెద్ద క్రీడాశాల. ఆ వసంతకాలమున మృతదేహములను ఉంచిన చోటది. అట్టిచోట పాడుటకు గుండె కావలెను; పాడదగినదానిని ఎంచుకొనుటకు వివేకము కావలెను. తన పాటలలో నన్నింటికంటె నెక్కువగా అమ్ముడుపోయినదాని నతడచ్చట నెత్తలేదు. 2013లో, అయిదేండ్ల విరామము తరువాత, బృందమంతయు మరల వేదిక నెక్కినప్పుడుగూడ నది వినబడలేదు. వర్తకుడు తన దుకాణములో మేలైన సరకును దాచుకొనడు. పాట తనదని తలచువాడు దానిని మూయడు. పాట జనులదని యెఱిగినవాడే యట్లు నిలువగలడు.

మియాగి మండలముననే ఒనగావా యను రేవుపట్టణము కలదు. ఆనాటి జనసంఖ్య పదివేలు మాత్రమే; ఆనాడు ఎనిమిదివందలకు పైగా ప్రాణములు పోయినవి. నెల రోజులు దాటినతోడనే, 2011 ఏప్రిలులో, ఆ యూరివారు విపత్కాలపు చిన్న రేడియోకేంద్రము నొకదానిని నెలకొల్పుకొనిరి. నేర్పరులగు ప్రసంగకర్తలు గారు, ఊరివారే. బ్రతికినవారి కా కేంద్రమే ఊరి గొంతైనది. అయిదేండ్లు నడచి, 2016 మార్చి 29వ తేదీన నా కేంద్రము మూతపడినది. మూయుటకుముందు కడపటిపాటగా వారు వేసినది ‘ౘునమి’.

మహాశయులారా, మీరును నావలెనే రేడియోకు చెవియొగ్గి కూర్చుండువారు. ఈ సంగతి మీకు విడమరచి చెప్పనక్కఱలేదు. పెద్దనగరములలోని పెద్దకేంద్రములు దయతో ఆ పాటను మాపుచేసినవి, అది మర్యాదయే. కాని మాన్పించినది పరుల దయ. తిరిగి తెప్పించినది తమవారిని పోగొట్టుకొన్నవారి యనుమతి. ఆ యనుమతి నిచ్చుట కధికారము వారికి దక్క నింకెవ్వరికిని లేదు. ఏ పాటకును దోషము లేదని తీర్మానింపదగినవారు దాని వలన గాయపడదగినవారే. ఒనగావావారు అందఱి పక్షమునను పలికిరని నేననను. పొరుగూరిలో నేటికిని ఆ పాట వినజాలని తల్లి యుండవచ్చును. ఆమె చెవి మూసికొన్నచో నదియు న్యాయమే.

మనకు నీ విషయము పరాయిది గాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మఱచినవారు మన తీరమున లేరు. ఉప్పెన గాలివానవలన వచ్చును, ౘునమి భూకంపమువలన వచ్చును. ఊరు మునుగుట మాత్ర మొక్కటియే. 2004 డిసెంబరు 26న, మార్గశిరపూర్ణిమనాడు, సముద్రము లేచి మన కోస్తాలో నూర్గురకు పైగా పొట్టబెట్టుకొన్నప్పుడే ఈ జపానుమాట మన పల్లెకారుల వాడుకలోనికి వచ్చినది. మాట పుట్టిన దేశమునుండి పాటగా రావలసినది మనకు పీడగా వచ్చినది. ఇక 2021లో ఉప్పెన యను పేరుతోనే తెలుగున నొక ప్రేమకథ చలనచిత్రమై వెలువడినది. మన యువజనులు వేడుకతో చూచిరి. దివిసీమ మునిగిన మఱునాడు ప్రేమకథ కాపేరు పెట్టుటకు ఎవ్వనికిని నోరు రాకపోయెడిది. నలువదినాలుగేండ్లకు ఆ మాట మరల ప్రేమకు పనికివచ్చినది. దీనిని మఱపని కొందఱందురు. నేను మఱపనను. గాయపడిన మాట మాని, తిరిగి పని చేయ నారంభించినదందును.

జపానువారి యీ బృందమునందు జనాదరణ పొందిన పాటలను మీకు నేడు కొన్నిటిని పరిచయము చేసితిని. అల్లరిపాటతో వారు జనులను నవ్వించిరి. ఎల్లీ పాటతో కరగించిరి. బండిజాడ పాటను పట్టణము తన రైళ్ల కిచ్చుకొన్నది. కాని వారి కీర్తిలో మిక్కిలి పెద్దది ఇరువదితొమ్మిది లక్షల లెక్క గాదు. ఒక పాటను అయిదేండ్లు మౌనముగా దాచి, వేళ వచ్చినప్పుడు తామే వెలికిదీసిన చిన్న రేవుపట్టణమొకటి వారికి శ్రోతగా దొరకుట. అట్టి శ్రోత దొరకిన కవి ధన్యుడు.